కొవ్వు తగ్గాలంటే ట్రెడ్‌మిల్ వదిలేసి బరువులు ఎత్తాలా?

ప్రశ్న: నా వయసు 39. ఎత్తు 160 సెంటీమీటర్లు. ఏడు నెలల కిందట 80 కిలోలు ఉండేదాన్ని. వారానికి ఆరు రోజులు, రోజుకు 50 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద వేగంగా నడుస్తూ, మధ్యమధ్యలో పరుగెత్తుతూ, రాత్రి భోజనం దాదాపు మానేసి 74కి వచ్చాను. పది వారాలుగా అక్కడే ఆగిపోయాను. ముఖం పీక్కుపోయింది, చేతులు వదులయ్యాయి, పొట్ట మాత్రం అలాగే ఉంది. కార్డియో మానేసి వెయిట్స్ చెయ్యి, కొవ్వంతా కండగా మారిపోతుంది అని మా చెల్లి అంటోంది. నిజమేనా? బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతానేమోనని భయం. వారానికి ఎన్ని రోజులు చెయ్యాలి, ఎంత బరువుతో మొదలుపెట్టాలి? బీపీ, షుగర్ లేవు. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

సమాధానం: మీ చెల్లెలి మాటలో సగం నిజం ఉంది. బరువులు తప్పకుండా మొదలుపెట్టండి. కాకపోతే ఆవిడ చెప్పిన కారణం తప్పు. దాన్నే నమ్ముకుని దిగితే నెల తిరక్కముందే నిరాశపడి మళ్లీ ట్రెడ్‌మిల్ ఎక్కేస్తారు. అందుకే ముందు కారణం సరిచేసి, తర్వాత పద్ధతిలోకి వెళ్దాం.

కొవ్వు కండగా మారదు. రెండూ వేర్వేరు కణజాలాలు. కొవ్వు కణాల్లో దాచి ఉన్న కొవ్వు విడివడి రక్తంలోకి వచ్చి, కండరాల్లోనో గుండెలోనో ఇంధనంగా ఖర్చవుతుంది. పది కిలోల కొవ్వు అలా ఖర్చయితే అందులో సుమారు 8.4 కిలోలు మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. కండ పెరగడానికి కావలసింది తిండిలోని ప్రొటీన్, దానితోపాటు ఆ కండ మీద పడే బరువు. ఈ రెండు పనులూ ఒకే కాలంలో జరగవచ్చు. ఒకటి రెండోదిగా మారడమంటూ ఉండదు.

ఇక క్యాలరీల లెక్క. మీ బరువుకు, మీరు చేస్తున్న వేగానికి 50 నిమిషాల ట్రెడ్‌మిల్ మీద అదనంగా ఖర్చయ్యేది సుమారు 250 క్యాలరీలు. స్క్రీన్ మీద అంతకంటే చాలా ఎక్కువ కనిపిస్తూ ఉండవచ్చు. ఆ అంకెలో మీరు కుర్చీలో కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యే క్యాలరీలు కూడా కలిసి ఉంటాయి. ముందున్న కడ్డీ పట్టుకుని నడిస్తే అసలు ఖర్చు ఇంకా తగ్గుతుంది, ఆ సంగతి యంత్రానికి తెలియదు. ఆరు రోజులకు 1500 అనుకోండి. ఒక కిలో శరీరపు కొవ్వులో దాదాపు 7700 క్యాలరీలుంటాయి. అంటే తిండి మారకుండా ఒక్క ట్రెడ్‌మిల్‌తోనే కిలో తగ్గాలంటే ఐదు వారాలు పైనే పడుతుంది.

బరువుల దగ్గర ఆ ఖర్చు ఇంకా తక్కువ. 50 నిమిషాల్లో సగానికి పైగా సెట్ల (ఆగకుండా వరుసగా ఎత్తే విడతల) మధ్య విశ్రాంతికే పోతుంది కాబట్టి అదనపు ఖర్చు 150 క్యాలరీల దగ్గర ఉంటుంది. వెయిట్స్ చేశాక గంటల తరబడి కొవ్వు కరుగుతూనే ఉంటుందని చాలామంది చెబుతారు. ఆ తర్వాతి ఖర్చు ఉన్న మాట నిజమే, కానీ అది వ్యాయామంలో అయినదానిలో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మీ విషయంలో 15, 20 క్యాలరీలు. కండ పెరిగితే ఊరికే కూర్చున్నా బోలెడు ఖర్చవుతుందన్నది ఇంకో మాట. కిలో కండ విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు సుమారు 13 క్యాలరీలు తీసుకుంటుంది, కిలో కొవ్వు నాలుగున్నర. ఎంతో కష్టపడి రెండు కిలోల కండ సంపాదించినా రోజుకు పెరిగే ఖర్చు 26 క్యాలరీలే.

పరిశోధనలూ ఇదే చెప్పాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు అధిక బరువున్న పెద్దవాళ్లను మూడు జట్లుగా చేసి, ఎనిమిది నెలలపాటు ఒక జట్టుతో కార్డియో, ఒక జట్టుతో బరువులు, మూడో జట్టుతో రెండూ చేయించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. తిండి తగ్గించమని ఎవరికీ చెప్పలేదు. కొవ్వు ఎక్కువ తగ్గింది కార్డియో చేసినవాళ్లకూ, రెండూ చేసినవాళ్లకూ. బరువులు మాత్రమే చేసినవాళ్లకు కండ పెరిగింది, కొవ్వు అంతగా తగ్గలేదు. తిండి ముట్టుకోకుండా కార్డియో తీసేసి బరువులు పెడితే చాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి బరువులు ఎందుకు? తగ్గే కిలోలు దేనివో తేల్చేది అవే కాబట్టి. తిండి తగ్గినప్పుడు శరీరం లోటును కొవ్వు నుంచి మాత్రమే భర్తీ చేసుకోదు. వాడకంలో లేని కండను కూడా కొంత కరిగించుకుంటుంది. బరువుల పని లేకుండా తిండి తగ్గించి బరువు తగ్గినవాళ్లలో, తగ్గిన దానిలో దాదాపు పావు వంతు కొవ్వు కానిదే ఉంటుందన్నది పోషకాహార నిపుణులు వాడే మోటు లెక్క. మీరు పోగొట్టుకున్న ఆరు కిలోల్లో కిలోన్నర దాకా కండ, దానిలోని నీరు అయ్యుండవచ్చు. రాత్రి భోజనంతోపాటు ఆ పూట ప్రొటీన్ కూడా పోయింది కదా. చేతులు వదులవడానికి, పొట్ట అలాగే ఉన్నట్టు కనిపించడానికి ఇదే పెద్ద కారణం. ట్రెడ్‌మిల్ కాళ్లకు కాస్త పని చెబుతుంది గానీ భుజాలు, వీపు, ఛాతీ, చేతులకు పనేమీ ఇవ్వదు. వారానికి మూడుసార్లు బరువు మీద పడితే, ఈ కండ అవసరం, దీన్ని ముట్టుకోవద్దు అని శరీరానికి సంకేతం అందుతుంది. లోటు మాత్రం తిండి నుంచే రావాలి. ఈ రెండు పనుల్ని విడివిడిగా చూడగలిగితే మిగతాదంతా తేలికవుతుంది.

కాబట్టి కార్డియో పూర్తిగా మానకండి, దాని వాటా తగ్గించండి. గుండెకు, ఊపిరితిత్తులకు అది చేసే మేలు బరువులు పూర్తిగా చేయలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు రెండు రోజులు కండరాల వ్యాయామం చెయ్యమంటుంది. మీకు సరిపడే ఏర్పాటు ఇలా ఉంటుంది: మూడు రోజులు బరువులు, రోజు విడిచి రోజు, మిగతా రోజుల్లో మూడుసార్లు అరగంట చొప్పున చురుకైన నడక, ఏడో రోజు వ్యాయామం లేదు. దీనికి తోడు రోజూ మామూలు పనుల్లో భాగంగా రెండున్నర, మూడు కిలోమీటర్లు అదనంగా నడవాలి. ఈ నడక ఎందుకంటే, ఇప్పుడు ట్రెడ్‌మిల్ మీద వారానికి 1500 ఖర్చవుతోంది. కొత్త ఏర్పాటులో బరువులకు 450, నడకకు 350 కలిపి 800 మాత్రమే. రోజుకు వంద క్యాలరీలు తక్కువ పడతాయి. మీ బరువున్నవాళ్లు ఒక కిలోమీటరు మామూలుగా నడిస్తే 35, 40 క్యాలరీలు ఖర్చవుతాయి కాబట్టి, ఆ నడక దీన్ని పూడ్చేస్తుంది. కార్డియో మానేసి బరువులకు మారినవాళ్లు మొదటి నెలలోనే లావయ్యామని అనడానికి ఈ చిన్న లెక్క చూసుకోకపోవడం ఒక కారణం.

బరువుల రోజునే నడవాలనిపిస్తే బరువులయ్యాక నడవండి. ముందే అరగంట నడిచి కాళ్లు అలసిపోతే స్క్వాట్‌లో (కూర్చుని లేచే వ్యాయామంలో) రెప్స్, అంటే ఒక సెట్‌లో ఎన్నిసార్లు చేస్తారన్నది, పడిపోతాయి, ఫామ్ (చేసే తీరు) చెడుతుంది. బరువులకు ముందు ఐదు నిమిషాల నడక చాలు. తర్వాత ఆ రోజు మొదటి వ్యాయామాన్ని చేయబోయే బరువులో సగంతో ఒక సెట్, ముప్పావు వంతుతో ఇంకో సెట్ చెయ్యండి. అసలైన వార్మప్ అదే.

రెండు రకాల రోజులు పెట్టుకుని మార్చి మార్చి చెయ్యండి. మొదటి వారం ఎ, బి, ఎ వస్తే రెండో వారం బి, ఎ, బి.

ఎ రోజు:
గాబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ను రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని కూర్చుని లేవడం) – 3 సెట్లు, 8–12 రెప్స్
బెంచి మీద డంబెల్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని ఛాతీ దగ్గర నుంచి పైకి నెట్టడం) – 3 సెట్లు, 8–12
ఒంటిచేత్తో డంబెల్ రో (ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగడం) – 3 సెట్లు, ఒక్కో వైపు 8–12
హిప్ థ్రస్ట్ (వీపు పైభాగం బెంచికి ఆనించి పిరుదులు పైకెత్తడం) – 2 సెట్లు, 10–15
ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం) – 2 సార్లు, 20–40 సెకన్లు

బి రోజు:
రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (చేసే తీరు కింద వివరించాం) – 3 సెట్లు, 8–12
ల్యాట్ పుల్‌డౌన్ (యంత్రం మీద కూర్చుని పైనున్న కడ్డీని ఛాతీ దాకా లాగడం) – 3 సెట్లు, 8–12
కూర్చుని డంబెల్ షోల్డర్ ప్రెస్ (భుజాల దగ్గర నుంచి తల పైకి నెట్టడం) – 3 సెట్లు, 8–12
స్టెప్-అప్ (మెట్టులాంటి ఎత్తు ఎక్కి దిగడం) – 2 సెట్లు, ఒక్కో కాలికి 8–10
రెండు చేతుల్లో బరువైన డంబెల్స్ పట్టుకుని నడవడం – 2 సార్లు, 30–40 సెకన్లు

మొదటి నాలుగు వ్యాయామాల్లో సెట్‌కూ సెట్‌కూ మధ్య రెండు నిమిషాలు ఆగండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లకు మూడు నిమిషాలు తీసుకున్నా తప్పులేదు. మొదటి రెండు వారాలు ప్రతిదీ రెండు సెట్లే చెయ్యండి, మూడో వారం నుంచి పైన రాసినట్టు. మొత్తం 45 నుంచి 55 నిమిషాల్లో అయిపోతుంది.

ఎంత బరువు అనే ప్రశ్నకు కిలోల్లో జవాబు ఇవ్వవచ్చు గానీ అది అంచనాగానే పనికొస్తుంది. గాబ్లెట్ స్క్వాట్‌కు 6–8 కిలోల డంబెల్, డెడ్‌లిఫ్ట్‌కు ఒక్కో చేతిలో 6–8, రో కి 6–8, ఛాతీ ప్రెస్‌కు ఒక్కో చేతిలో 4–5, షోల్డర్ ప్రెస్‌కు 3–4 కిలోలతో ప్రయత్నించండి. పుల్‌డౌన్ యంత్రాలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, మీద రాసిన అంకెను పట్టించుకోకుండా 10 రెప్స్ వచ్చే బరువు వెతుక్కోండి. అసలు పరీక్ష సెట్ చివర్లో ఉంటుంది. డంబెల్ దించగానే, ఫామ్ చెడకుండా ఇంకా ఎన్ని రెప్స్ చేయగలిగేదాన్ని అని మిమ్మల్ని మీరే అడగండి. రెండు, మూడు అని జవాబొస్తే బరువు సరిగ్గా ఉంది. ఆరేడు అయితే తేలిక. ఒక్కటి కూడా రాదనిపిస్తే మీ దశకు ఎక్కువ. కొత్తవాళ్లకు ఈ అంచనా మొదట్లో కుదరదు, చాలామంది పది రెప్స్‌కే ఆపేస్తారు గానీ ఇంకో ఎనిమిది చేసే సత్తువ ఉంటుంది. దానికి ఒక ఆనవాలు ఉంది. చివరి రెండు రెప్స్ మీరు ఎంత ప్రయత్నించినా వాటంతట అవే నెమ్మదించాలి. పదో రెప్ కూడా మొదటి రెప్ అంత వేగంగా వచ్చిందంటే ఆ బరువు మీకు తేలికే.

ఒక నోటుపుస్తకం తప్పనిసరి. ఉదాహరణకు 8 కిలోలతో గాబ్లెట్ స్క్వాట్ మొదలుపెట్టారు. మొదటి రోజు 10, 9, 8 వచ్చాయి. తర్వాతి ఎ రోజు 11, 10, 9. ఆ తర్వాత 12, 11, 10. ఇలా మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజున బరువు 10 కిలోలకు పెంచండి. రెప్స్ మళ్లీ 8, 9కి పడిపోతాయి. పడిపోవాలి కూడా. అక్కణ్నుంచి మళ్లీ ఎక్కడం మొదలు. షోల్డర్ ప్రెస్ దగ్గర ఒక చిక్కు వస్తుంది. 4 కిలోల నుంచి 5కి వెళ్లడమంటే ఒకేసారి 25 శాతం పెంచడం. అక్కడ 12తో ఆగకుండా 15 దాకా వెళ్లి, తర్వాత మొదటి సెట్ మాత్రమే 5 కిలోలతో చేసి మిగతా రెండూ 4తో చెయ్యండి. రెండు మూడు వారాల్లో మూడు సెట్లూ 5కి చేరతాయి.

ఫామ్ విషయంలో అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లో. అందుకే దాని గురించి వివరంగా చెబుతాం. వీపు గోడ వైపు ఉండేలా, గోడకు ఒక అడుగు దూరంలో నిలబడండి. మోకాళ్లు కొద్దిగా సడలించి అక్కడే స్థిరంగా ఉంచండి. ఇప్పుడు ముందుకు వంగాలన్న ఆలోచన మాని, పిరుదులతో వెనకున్న గోడను తాకాలనుకోండి. పిరుదులు వెనక్కి వెళ్తుంటే ఛాతీ దానంతటదే కిందికి వస్తుంది. డంబెల్స్ తొడలను రాసుకుంటూ మోకాళ్ల మీదుగా పిక్కల సగం దాకా జారాలి. తొడల వెనక భాగం బిగుసుకుని ఇక చాలంటుంది, అక్కడ ఆగి పైకి రండి. నడుము గుండ్రంగా వంగడం మొదలైందంటే మీ హద్దు దాటినట్టే, తర్వాతి రెప్ అంతకు ముందే ఆపండి. మర్నాడు నొప్పి తొడల వెనక ఉంటే సరిగ్గా చేశారు. నడుము మాత్రమే పట్టేసిందంటే డంబెల్స్ కాళ్లకు దూరంగా ముందుకు వెళ్లిపోయి ఉంటాయి. బాల్చీని ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. బరువు ముందుకు జరిగే కొద్దీ నడుము మీద పడే భారం పెరుగుతుంది. బరువు లేకుండా గోడ దగ్గర రెండు మూడు రోజులు సాధన చేశాకే డంబెల్స్ పట్టుకోండి.

స్క్వాట్‌లో మడమలు లేస్తుంటే పాదాలు ఇంకాస్త ఎడంగా పెట్టి, వేళ్లు కొద్దిగా బయటికి తిప్పండి. అప్పటికీ లేస్తే మడమల కింద జిమ్‌లోని పలుచని బరువు ప్లేట్లు పెట్టుకోవచ్చు. మోకాళ్లు లోపలికి వాలకుండా కాలివేళ్ల దిశలోనే వెళ్లాలి. రో చేసేటప్పుడు డంబెల్‌ను చేత్తో లాగినట్టు కాకుండా మోచేతిని తుంటి వైపు తీసుకెళ్లినట్టు చెయ్యండి, అప్పుడు వీపుకు పని తగులుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఊపిరి బిగబట్టి ఎక్కువసేపు ఉంచితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

కండరమంతా పరుచుకున్న నొప్పి, ముట్టుకుంటే సలుపు, ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువై మూడు నాలుగు రోజుల్లో తగ్గేది మామూలు. కీలులో ఒకే చోట గుచ్చినట్టు వచ్చే నొప్పి, చేస్తుండగానే వచ్చేది మామూలు కాదు, ఆ వ్యాయామం ఆ రోజుకు ఆపేయాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే వ్యాయామం అక్కడితో ఆపి డాక్టర్‌ను కలవండి.

మగవాళ్లలా అవుతానన్న భయం పెట్టుకోకండి. స్త్రీల రక్తంలో టెస్టోస్టిరాన్ (కండ పెరగడానికి తోడ్పడే పురుష హార్మోన్) మగవాళ్లలో ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదు. పైగా మీరు తిండి తగ్గించుకుని చేస్తున్నారు, ఆ స్థితిలో పోయిన కండ తిరిగి రావడమే గొప్ప. కండ ఒక్క రాత్రిలో రాదు. ఎక్కడైనా మీకు నచ్చినదానికంటే పెరుగుతోందనిపిస్తే ఆ భాగానికి సెట్లు తగ్గిస్తే సరిపోతుంది. మేము ఎక్కువగా చూసేది దీనికి వ్యతిరేకమైన తప్పు. ఈ భయంతోనే స్త్రీలు రెండు కిలోల గులాబీ రంగు డంబెల్స్ దగ్గరే ఏడాది పొడుగునా ఉండిపోతారు. మీ చేతిసంచీ అంతకంటే బరువుంటుంది. అంత తేలిక బరువుకు కండ మారాల్సిన అవసరమే రాదు.

ఇంకో తప్పు, బరువులను కార్డియోగా మార్చేయడం. ఆగకుండా ఒక వ్యాయామం నుంచి ఇంకోదానికి దూకుతూ, 20 సెకన్ల విశ్రాంతితో ఒళ్లంతా చెమటలు పట్టేలా చేస్తే చాలా చేసినట్టనిపిస్తుంది. అక్కడ కండరం అలసిపోకముందే ఊపిరి అయిపోతుంది, కండకు చేరాల్సిన సంకేతం చేరదు. ట్రెడ్‌మిల్‌కు అలవాటుపడినవాళ్లకు సెట్ల మధ్య రెండు నిమిషాలు ఊరికే కూర్చోవడం నేరంలా అనిపిస్తుంది. కూర్చోండి. తర్వాతి సెట్‌లో ఇంకో రెండు రెప్స్ ఆ కూర్చోవడం వల్లే వస్తాయి.

పొట్ట తగ్గాలని క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) వందలు చెయ్యకండి. ఏ భాగానికి పని చెబితే ఆ భాగంలో కొవ్వు కరగడం జరగదు. కొవ్వు ఒంటి మొత్తం నుంచి తగ్గుతుంది, ఏ చోట ముందు తగ్గాలన్నది శరీరమే చూసుకుంటుంది. మీకు ముఖం ముందు తగ్గింది, పొట్ట వంతు తర్వాత.

ఇప్పుడు తిండి. పది వారాలుగా 74 దగ్గరే ఉన్నారంటే ఇప్పుడు తింటున్నదీ ఖర్చు పెడుతున్నదీ సరిసమానమైపోయాయి. ఇందులో వింతేమీ లేదు. 80 కిలోల శరీరాన్ని మోయడానికి అయ్యే ఖర్చు 74 కిలోలకు కాదు, తిండి తగ్గిన శరీరం తెలియకుండానే అటూ ఇటూ తిరగడం తగ్గిస్తుంది, మొదట్లో ఉన్న జాగ్రత్త కూడా కొంత సడలుతుంది. కాబట్టి ఐదు రోజులపాటు తిన్నదంతా తూచి రాసుకోండి. వంటనూనె కూడా. ఒక టేబుల్ స్పూన్ నూనె 120 క్యాలరీలు, లోటు తరచుగా అక్కడే మాయమవుతుంది. ఆ సగటు నుంచి రోజుకు 300 క్యాలరీలు తగ్గించండి. వారానికి 2100, అంటే పావు కిలోకు పైన కొవ్వు. పన్నెండు వారాలకు మూడు కిలోలు దాటుతుంది. ఇంకాస్త తొందర కావాలంటే 500 దాకా తగ్గించవచ్చు, అంతకు మించితే బరువులు ఎత్తే సత్తువ ముందు పోతుంది. వ్యాయామం చేశాను కదా అని స్క్రీన్ మీద చూపిన క్యాలరీలను తిరిగి తినేస్తే చేసిన లెక్కంతా వృథా.

రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి. తగ్గించాల్సిన 300 మూడు పూటల మీద సర్దుకోండి. ప్రొటీన్ కిలో బరువుకు 1.6 గ్రాములు, మీకు రోజుకు 115–120 గ్రాములు. ఇది తేలిక కాదు, ప్రయత్నం మీద గాని రాదు. గుడ్డులో 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో ఆరున్నర, వండిన 100 గ్రాముల కోడి ఛాతీ మాంసంలో 30, వండక ముందు 50 గ్రాములు తూగిన పప్పులో 11–12, 50 గ్రాముల పొడి సోయా ముక్కల్లో 25. ఒక్కో పూటకు 30 గ్రాములు వేసుకుని, మిగతాది సాయంత్రం సర్దుకోండి. తిండితో అందకపోతే ఒక స్కూప్ వే ప్రొటీన్ 20–25 గ్రాములిస్తుంది. అది పాల నుంచి తీసిన పొడి, అందులో భయపడాల్సిందేమీ లేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ప్రొటీన్ ఇంతగా పెంచకూడదు.

నిద్ర గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అదీ తగ్గే కిలోలు దేనివో తేల్చేదే. షికాగో విశ్వవిద్యాలయం 2010లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో పదిమందికి తిండి తగ్గించి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు నిద్రకు కేటాయించారు. తగ్గిన బరువు రెండుసార్లూ దాదాపు మూడు కిలోలే. కానీ నిద్ర చాలినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, చాలనప్పుడు 0.6 కిలోలే. తెల్లవారుజామున లేచి వ్యాయామం చేయడం కోసం నిద్రను కోసుకుంటున్నట్టయితే వ్యాయామ సమయాన్ని మార్చుకోండి.

మొదటి మూడు వారాల్లో తూకం కిలో, కిలోన్నర పెరిగితే కంగారుపడకండి. కొత్త పనికి కండరాల్లో చిన్న చిన్న గాయాలై, అవి మానేందుకు నీరు చేరుతుంది. కండరాలు ఇంధనంగా దాచుకునే పిండిపదార్థమైన గ్లైకోజన్ గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. చాలామంది సరిగ్గా ఈ మూడో వారంలోనే బరువులు తమకు పడలేదని మానేస్తారు. అది నీరు, కొవ్వు కాదు. రోజుకు 300 క్యాలరీల లోటులో ఉంటూ కిలో కొవ్వు పెరగడానికి వీల్లేదు.

అందుకే ఒక్క తూకాన్నే నమ్మకండి. రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని, వారం సగటు తీయండి. నెలసరి ముందు నీరు చేరుతుంది కాబట్టి ఒక వారాన్ని దాని ముందు వారంతో కాక, నాలుగు వారాల కిందటి వారంతో పోల్చండి. రెండు వారాలకోసారి నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా చూడాలి. ప్రతిసారీ అదే చోట. కొవ్వు శాతం చూపించే తూకపు యంత్రాలు ఒంట్లోని నీటి గుండా కరెంటు పంపి అంచనా కడతాయి, నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా అంకె మారిపోతుంది. వాటి జోలికి పోవద్దు.

ఎనిమిది వారాలయ్యాక నోటుపుస్తకం, టేపు, తూకం మూడూ పక్కపక్కన పెట్టుకోండి. నడుము తగ్గుతూ, ఎత్తే బరువులు పెరుగుతూ, తూకం మాత్రం కదలకపోతే ఏమీ మార్చకండి, కండ తిరిగొస్తూ కొవ్వు పోతోంది. నడుమూ తూకమూ రెండూ నాలుగు వారాలుగా కదలకపోతే తిండిలో ఇంకో 150 తగ్గించండి, ముందు ఇంకోసారి ఐదు రోజులు తూచి రాసి చూసుకున్నాకే. తూకం గబగబా పడుతూ స్క్వాట్‌లో, రో లో రెప్స్ కూడా పడిపోతుంటే తిండి మరీ తగ్గించారు, 150, 200 క్యాలరీలు తిరిగి కలపండి. ఆ వారమే సెట్లు సగానికి తగ్గించి తేలిగ్గా చేసి, మరుసటి వారం నుంచి పాత బరువులకు రండి.

ఇంట్లోనే చేయాల్సి వచ్చి మీ దగ్గరున్న పెద్ద డంబెల్ 10 కిలోలే అయితే, నాలుగైదు నెలల్లో కాళ్లకు అది చాలకుండా పోతుంది. అప్పుడు గాబ్లెట్ స్క్వాట్ బదులు ఒక కాలు వెనక కుర్చీ మీద పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్‌కు మారండి, డెడ్‌లిఫ్ట్ ఒంటికాలి మీద చెయ్యండి, కిందికి దిగడానికి మూడు సెకన్లు తీసుకోండి. అదే 10 కిలోలు ఇంకో అర్ధ సంవత్సరం పనికొస్తాయి.